తార్నాక చౌరస్తా, నా తొడలు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులల్ల నా తొడలు నాకే ఎదురు తిరిగినయి. అందరు రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నేను లెట్రిన్ల కూసున్నకాడి నుంచి లేవనీకి కొట్లాడుతున్న. నవ్వుతే నవ్వుండ్రి. నేను కూడా నవ్విన, కాకపోతే లేచినంక.

అప్పటికి నాకు యాభై దాటినయి. యూనివర్సిటీల ఒక డిపార్ట్‌మెంట్ల అటెండర్‌ను. మా ఆయన పోతపోత రెండు ఇచ్చి పోయిండు, ఒకటి ఈ నౌకరి, ఇంకొకటి హెచ్ఐవి. రెండిటిని పద్ధతిగనే నడుపుకుంటున్న, గోలీలు ఒక్కపూట తప్పలే. నా మొఖం చూస్తే నిండుగనే ఉంటుండె గని పైన పటారం, లోన లొటారం. డాక్టర్ రిపోర్టులు చూసి "వైరస్ అణిగే ఉన్నదమ్మా, తొడలల్ల కండనే కరుగుతున్నది" అన్నడు. వయసు మీద పడితే అందరికి కరుగుతదంట, ఈ రోగమున్నోళ్లకు జర ముందుగాల మొదలైతదంట. గుడ్లు, పప్పు మంచిగ తినుమన్నడు. కుర్చీల కూసోని చేతులు ఆనించకుండ లేసుడు, మళ్ల కూసునుడు రోజు చెయ్యమన్నడు.

తార్నాకల ఒక ఇంట్ల వెనక గది కిరాయికి తీసుకోని ఒక్కదాన్నే ఉంటుంటి. ఇంటామె గుంటూరు దిక్కు మనిషి, నాకన్న పదేండ్లు పెద్ద. అక్కా అని పిలుస్తుంటి. పొద్దున లేస్తే ఇద్దరికి రాష్ట్రం మీద లొల్లే. "మీ రాష్ట్రం వస్తే నన్ను కృష్ణ దాటిస్తావేంటమ్మా?" అంటది. "కాఫీ పల్చగ చేస్తే దాటిస్త" అంటుంటి నేను. ఒకసారి నా గోలీల డబ్బ కిందపడితే ఆమె ఎత్తింది, పేరు చదివింది, మూత బిగించి నా చేతుల పెట్టింది. తెల్లారి కాఫీ ఎప్పటి లెక్కనే వాళ్లింట్ల అందరు తాగే స్టీల్ గ్లాసుల తెచ్చింది. ఆ పూట నాకు ఏడుపు ఆగలే. లొల్లి మాత్రం ఇద్దరం బంద్ పెట్టలే.

ఒకనాడు లెట్రిన్ల కూసున్న, లేవరాలే. నల్లా పైపు పట్టుకోని లేద్దామంటే అది ఊడి చేతికొచ్చింది. నీళ్లు తలుపు కిందికెల్లి బయటికి పారుతుంటే అక్క తలుపు కొట్టి "ఏంటమ్మా, గోదావరి తెచ్చావా లోపలికి?" అన్నది. గోడలు పట్టుకోని ఎట్లనో బయటపడ్డ. ఆమె గాబరా పడి లాలాగూడల ఉండే మా అన్నకు ఫోన్ కొట్టింది. నా మంచికే కొట్టింది గని నాకు ఒళ్లు మండింది.

మా అన్న రైల్వే వర్క్‌షాప్ మనిషి, ఉద్యమంల ముందు వరుస. మైకు దొరికితే ఆత్మగౌరవం అని గొంతు పోయేదాక మాట్లాడుతడు. "ఒక్కదానివి ఎట్లుంటవ్, ఆదివారం వచ్చి తీస్కపోత" అన్నడు. వాళ్లింట్ల నాకు కంచం, చెంబు వేరే ఉంటయి, బయట నల్లా దగ్గర బోర్లించి. మా వదినె వాటిని ముట్టదు, అన్న చూసి చూడనట్టు ఉంటడు. ఆ ఇంటికి పోవుడంటే నాకు పానం పోయినంత పని. తొడలు నిలబడితేనే తార్నాక గది నాకుంటది, లేకుంటే ఆ కంచమే గతి. అందుకే ఆ వారమంత కుర్చీల లేసుకుంట కూసుంట ఉన్న.

ఆదివారం ఇంక రానే లేదు, తార్నాక చౌరస్తాల రాస్తారోకో వచ్చింది. డిపార్ట్‌మెంట్ ఆడోళ్లం అందరం పోయినం. "అమ్మలు ముందర కూసోండ్రి" అన్నరు పిలగాండ్లు. అందరు కూసుంటే నేనొక్కదాన్ని నిలబడుడు బాగుండదని కూసున్న. కూసునుడుకేం, ఎవ్వరైనా కూసుంటరు. జరసేపటికి పోలీసులు వచ్చి టియర్ గ్యాస్ గోళాలు కాల్చిండ్రు. అందరు దిగ్గున లేచి క్యాంపస్ దిక్కు ఉరికిండ్రు. నడిరోడ్డు మీద నేనే మిగిలిన, కండ్లెంట ముక్కెంట నీళ్లు కారుకుంట.

లేడీ కానిస్టేబుల్ వచ్చి "లేవమ్మా" అన్నది. చాతనైత లేదంటే ఎందుకు చాతనైత లేదంటది, ఆ ముచ్చట రోగం దాక పోతది. "లేవను" అన్న.

"జిద్దు చెయ్యకు, లెవ్వు."

"లేవనంటే లేవను."

నలుగురు కలిసి ఎత్తి వ్యాన్ల ఏసిండ్రు. చెట్ల చాటుకెల్లి పిలగాండ్లు నా పేరు మీద జిందాబాద్ కొట్టిండ్రు. టీవీల చూపిందే చూపిండ్రు. పొద్దుగూకి వదిలిపెట్టిండ్రు. మర్నాడు డిపార్ట్‌మెంట్ల శాలువ కప్పుతుంటే మంచిగ కప్పించుకున్న, ఎందుకు వద్దంట?

ఆదివారం మా అన్న రానే వచ్చిండు. నేను చాప మీద కూసోని ఉన్న. "మా చెల్లె పులి అంటున్నరు వర్క్‌షాప్‌ల" అనుకుంట కొక్కానికున్న నా చీరెలు సంచిల పెడుతుండు. అక్క మూడు కాఫీలు పట్టుకోని గడపల నిలబడ్డది.

"లే, పోదాం" అన్నడు అన్న.

"నా కంచం ఏడ పెడతవ్ అన్నా?"

ఆయన చెయ్యి సంచిలనే ఆగింది. "మీ వదినె సంగతి నీకు ఎర్కనే గద."

"ఎర్కనే. మైకుల నువ్వు చెప్పేది కూడ ఎర్కనే. నాకు మీ ఇంట్ల బతకబుద్ధి కాదు. నేను లేవను."

రోడ్డు మీద లేవ చాతగాక అన్న మాట, ఈపాలి మనసుపూర్తిగ అన్న. నలుగురు పోలీసులు చేసిన పని తన ఒక్కనితోని కాదని మా అన్నకు కూడ సమజైంది. చీరెలు తీసి మళ్ల కొక్కానికి ఏసిండు. కాఫీ తాగి, తల వంచుకోని పోయిండు.

ఆయన పోయినంక అక్క దిక్కు చెయ్యి చాపిన. ఆమె పట్టుకోలే.

"నేను లేపనమ్మా. ఇవాళ లేపితే రోజూ లేపాలి. అప్పుడు మీ అన్నయ్య చెప్పిందే కరెక్టవుతుంది. నువ్వే లే." నా కాఫీ కిటికీల పెట్టి, కుర్చీ వేసుకోని ఎదురుంగ కూసున్నది.

గింత కోపం నాకు పోలీసుల మీద కూడ రాలే. ఆంధ్రోళ్ల బుద్ధి అని తిట్టిన. తిట్టుకుంటనే మోకాళ్ల మీదికొచ్చి, ఒక కాలు ముందరికేసి, వణుక్కుంట లేచిన. కాఫీ సల్లగైంది. కిటికీ కాడ నిలబడే తాగిన.