ఉద్వాసన చెప్పని పటం

పోయిన కార్తీకంలో రాజమండ్రి రేవులో అమ్మమ్మతో స్నానానికి దిగినప్పుడు నా కుడి అరికాలు తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి. డాక్టరు గారు బయటికి లాగిన గాజుపెంకు అంచున సన్నటి బంగారు గీత ఒకటి ఉంది. "దేవుడి పటం అద్దం ఇది" అన్నారాయన, చూడగానే. అమ్మమ్మ ఆ పెంకుకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాలు నాది, దణ్ణం దానికి! నెలరోజుల పాటు మడమ మీద నడుస్తూ కాలేజీకి వెళ్ళాను. ఆ నెలంతా నా బుర్రలో ఒకటే ప్రశ్న. పగిలిన పటాల్ని ఎవరూ చెత్తలో వెయ్యరు, ఇంట్లో ఉంచుకోరు, గోదావరిలో వదిలేస్తారు. సరే, ఆ తర్వాత ఆ అద్దాలన్నీ ఏమవుతాయి?

ఈ ఏడు ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. హాల్లో వేలాడే పట్టాభిషేకం పటం మేకు ఊడి కింద పడింది. కట్టె చట్రం నిలిచింది గానీ అద్దం మూల నుంచి మూలకి చీలింది. రెండో సోమవారం స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని గోదావరిలో వదిలేస్తానని అమ్మమ్మ తేల్చేసి, అప్పటిదాకా మళ్ళీ గోడకే తగిలించింది. సరిగ్గా అప్పుడే రాజమండ్రిలో ఉన్న నా స్నేహితురాలు కార్డు రాసింది. పగిలిన పటాలూ, గాజు సామానూ, చెత్తకుండీలో వెయ్యడానికి చెయ్యి రాని వస్తువులూ తీసుకోవడానికి మునిసిపాలిటీ వాళ్ళు గోదావరి గట్టున ఒక షెడ్డు పెట్టారట. స్నానాలకొచ్చిన వాళ్ళ కాళ్ళు తెగుతున్నాయనే పెట్టారట.

అమ్మమ్మ కార్డు మొత్తం చదివించుకుని, "మునిసిపాలిటీ వాళ్ళా? దేవుణ్ణి చెత్తబండి వాళ్ళ చేతికిస్తానా?" అంది. నేను చెప్పులు విప్పి అరికాలు చూపించాను. "సరే, నువ్వెళ్ళి చూసి రా" అంది చివరికి. "ఎవరు విప్పుతారు, కాగితం ఎక్కడికి పోతుంది, ఎవరి కాలైనా తగులుతుందా. ఈ మూడూ చూసొచ్చి చెప్పు. నా మనసుకి పడితే ఇద్దాం. లేకపోతే సోమవారం నాడు నేనే వదిలేస్తాను."

చూసి రమ్మంది, తీసుకెళ్ళమనలేదు. కానీ శనివారం తెల్లవారి ఆవిడ పెరట్లో స్నానం చేస్తుంటే, నేను పటాన్ని గోడ మీంచి దించి, తాతయ్య పాత పంచెలో చుట్టి, గోనెసంచిలో పెట్టేశాను. ఇచ్చేసి వస్తే గొడవ వదిలిపోతుంది కదా అనుకున్నాను. ఇది చేసింది నేనే కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

మా కొత్తపేట సెంటర్లో ఆరూ నలభైకి అమలాపురం నుంచి వచ్చే బస్సు దొరుకుతుంది. టిక్కెట్టు నాలుగున్నర, ప్రయాణం గంటన్నర. కార్తీక సోమవారాలప్పుడు నిలబడే చోటు కూడా ఉండదు గానీ శనివారం కిటికీ పక్కనే సీటు దొరికింది. సంచిని సీటు కింద పెట్టబోతుంటే కండక్టరు గారు ఆపారు.

"ఏంటండీ అది, టంగుమంటోంది?"

"అద్దం అండి. దేవుడి పటం."

"అయితే కింద పెట్టకండి పాపగారూ. పైన వేస్తే నాకు పూచీ లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. దేవుడికి టిక్కెట్టు కొట్టన్లెండి."

రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కేసరికి గౌతమి మీద మంచు ఇంకా విడలేదు. కడియపులంక దగ్గర బంతిపూల గంపలతో నలుగురు ఆడవాళ్ళు ఎక్కారు. బస్సంతా పచ్చి పూల వాసన. నా పక్కన కూర్చున్నావిడ గోనెసంచి వంక చూసి, విషయం అడిగి తెలుసుకుని, గంపలోంచి రెండు పూలు తీసి సంచి మూతిలో దోపింది. ఒళ్ళో పటం బరువు ఒక్కసారి పెరిగినట్టనిపించింది. అద్దం గురించీ, నా కాలి గురించీ ఇన్నాళ్ళు ఆలోచించాను గానీ లోపలున్న వాళ్ళ గురించి ఆ పూలు పడేదాకా నాకు గుర్తే రాలేదు.

రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో దిగేసరికి ఎనిమిదింపావు. ఎదురుగా హోటల్లో రెండిడ్లీ తిని, కాఫీ తాగి రిక్షా ఎక్కాను. "పటాల షెడ్డు" అంటే రిక్షా వాళ్ళకి తెలుస్తుంది. రూపాయి తీసుకుంటారు. సామాను లేకపోతే గట్టు మీదుగా నడిచి వెళ్ళొచ్చు, పావుగంట.

రేకుల షెడ్డు, మూడు వైపులా గోడలు, నదివైపు ఖాళీ. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటని సుద్దతో గీత గీసి ఉంది. లోపల బల్ల ముందు తెల్లగడ్డం పెద్దాయన ఒకరు పటం విప్పుతున్నారు. పేరు మస్తాను గారు. నలభై ఏళ్ళు ఊళ్ళో పటాలు కట్టిన మనిషి. చూపు తగ్గి కొట్టు మూసేస్తే, మునిసిపాలిటీ వాళ్ళే ఈ పనికి పిలిచారట. పక్కనే రమణమ్మ గారని పారిశుధ్యం పనిలో ఉన్నావిడ పీట మీద కూర్చుని, వంగిన మేకుల్ని చిన్న సుత్తితో తిన్నగా కొడుతోంది.

వెంటనే సంచి విప్పకుండా, చూడ్డానికొచ్చానన్నాను. మస్తాను గారు తల ఎత్తకుండానే, "చూడండమ్మా. వేళ్ళు మాత్రం ఒళ్ళో పెట్టుకోండి" అన్నారు.

ఆయన పని చేసే తీరు చూస్తే మీరూ నాలాగే గంటసేపు కదలరు. పటాన్ని బోర్లించే ముందు బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు పరుస్తారు. వెనకవైపు అంటించిన కాగితాన్ని కోసి, మేకులు లాగి, అట్ట తీసి, అద్దం ఎత్తుతారు. పగుళ్ళు లేని మేరకి అద్దాన్ని కోసి వార్డు బడుల్లో పటాలకి వాడతారు. పెంకులు డబ్బాలో నిండాక లారీ మీద సీసాల బట్టీకి పోతాయి. టేకు చట్రాల్ని కోసి పిల్లల పలకలకి చట్రాలు కడతారు. వెనక రేకుంటే రమణమ్మ గారు చెత్తెత్తే చేటలు చేస్తుంది. ఒక మూల టార్చిలైటు బ్యాటరీలు నడుం ఎత్తు పోగుపడి ఉన్నాయి. ఇవేం చేస్తారని అడిగాను.

"వాటికింకా దారి దొరకలేదమ్మా" అంది రమణమ్మ గారు. "ఊళ్ళో వాళ్ళు మాత్రం తెచ్చి పోస్తున్నారు. మొన్నొకాయన రేడియోతో సహా ఇచ్చేశాడు, వాళ్ళావిడ పోరు పడలేక."

"పాటల పోరా?"

"ఆవిడ పాటలు వింటుంది, ఈయనకి వార్తలు కావాలి. ఇద్దరికీ లేకుండా చేశాడు మహానుభావుడు."

మరి కాగితం? షెడ్డు వెనక సిమెంటు తొట్టి ఉంది. బొమ్మల్ని అందులో నానబెడతారు. మూడు రోజులకి గుజ్జవుతుంది. నీలం ముందు వదిలేస్తుందట, ఎరుపు ఆఖర్ని. రమణమ్మ గారు రోజూ పొద్దున్నే తొట్టిలో చిటికెడు పసుపు వేస్తుంది. ఎవరు వెయ్యమన్నారని అడిగితే, "ఎవరంటారండీ, నాకే అలా తోచింది" అంది. ఆ గుజ్జుని పార్కులో నందివర్ధనం, గన్నేరు పాదుల్లో పోసి పైన మట్టి కప్పుతారు. పాదుల చుట్టూ ఇటుకల కట్టు ఉంది, ఎవరూ తొక్కరు. తెల్లారేసరికి ఆ పూలన్నీ చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళు పూజకి కోసుకుపోతారట.

అమ్మమ్మ మూడు ప్రశ్నలకీ జవాబులు దొరికేశాయి. ధీమాగా సంచి విప్పి పటం బల్ల మీద పెట్టాను. మస్తాను గారు దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి, వెనక కాగితాన్ని గోటితో గీకి చూశారు. "జిగురులో మైలుతుత్తం కలిపారు, పురుగు పట్టకుండా. పాత చెయ్యి ఇది" అన్నారు మెచ్చుకోలుగా. తువ్వాలు పరిచారు. పటకారు చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగారు.

"ఉద్వాసన చెప్పారామ్మా?"

ఉద్వాసన అంటే, పూజ అందుకున్న దేవుణ్ణి ఇక వెళ్ళి రమ్మని ఇంట్లోవాళ్ళు చెప్పుకునే వీడ్కోలు. చవితి వినాయకుణ్ణి కదిపే ముందు మా ఇంట్లో అమ్మమ్మ ఏటా చెబుతుంది. ఈ మాట నన్ను ఒక మస్తాను గారు అడుగుతారని ఊహించలేదు. చెప్పామంటే సరిపోయేది. ఒక్క ముక్క. పెదవి దాకా వచ్చింది కూడా.

"లేదండి" అన్నాను. "అసలు మా అమ్మమ్మకి చెప్పకుండా తెచ్చాను."

ఆయన కోప్పడలేదు. పటకారు కింద పెట్టేశారు. "మొదట్లో నాకూ ఈ సంగతి తెలీదమ్మా. ఒకావిడ కొడుకొచ్చి పటం ఇచ్చి వెళ్ళాడు. విప్పేశాను. సాయంత్రం ఆవిడ ఏడుస్తూ వచ్చింది, చెప్పకుండా పంపేశారు, నేను వెళ్ళి రమ్మని కూడా అనలేదు అని. అప్పటికి కాగితం తొట్టిలో ఉంది. నేనేం చెయ్యను? నలభై ఏళ్ళు దేవుళ్ళని కట్టాను గానీ వాళ్ళని ఇంట్లోంచి పంపడానికి ఒక పద్ధతుందని ఆవిడ చెప్పాకే తెలిసింది. అప్పట్నుంచీ అడక్కుండా మేకు ముట్టను."

"మళ్ళీ అంత దూరం మొయ్యాలాండీ?"

"మొయ్యాలమ్మా" అని నవ్వారు. "వచ్చేటప్పుడు మోశారుగా."

ఊరికే పంపలేదు. దారిలో పెంకులు రాలకుండా చీలిక పొడుగునా పిండి జిగురుతో కాగితం ముక్కలు అంటించి, ఆరేదాకా నన్ను కూర్చోబెట్టారు. పదకొండు గంటల బస్సెక్కాను. అదే సంచి, అదే బరువు, పైగా సిగ్గు ఒకటి.

ఇంటికి చేరేసరికి అమ్మమ్మ వీధరుగు మీదే ఉంది. హాల్లో గోడ మీద పటం ఉన్న మేరకి సున్నం తెల్లగా, చుట్టూ మాసిపోయి కనబడుతోంది. అంత పెద్ద ఖాళీని ఆవిడ చూడదని నేనెలా అనుకున్నానో!

"పొద్దున్న గోడకే దీపం చూపించానే" అంది. అదే నాకు చాలింది. కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాను. తువ్వాలు, తొట్టి, పసుపు, ఇటుకల కట్టు, గన్నేరు పూలు, ఆఖర్న ఆయన అడిగిన ఉద్వాసన మాట. నేను ఎంతో గొప్పగా చెప్పుకున్న పూల సంగతికి ఆవిడ ఊఁ కూడా కొట్టలేదు. చేతులు సంచి విప్పుతున్నాయి. పటాన్ని ఒళ్ళోకి తీసుకుని, అంటించిన కాగితాల మీద వేలు రాసి చూసింది. చీలిక సీతమ్మవారి బుగ్గ మీదుగా పోతుంది. అక్కడ మాత్రం కాగితాన్ని గోరంత వెడల్పు కత్తిరించి, మొహానికి అడ్డం రాకుండా అంటించారు. నేను పక్కనే కూర్చుని ఉండి కూడా అది గమనించలేదు.

"పటం చేతిలో పెట్టాక కూడా అతను తిప్పి పంపించేశాడా?" అంది అమ్మమ్మ.

"పంపించేశారు."

"నువ్వు అబద్ధం చెప్పుంటే?"

"చెప్పలేదు."

ఆవిడ పటాన్ని ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది. "ఇదివరకు ఐదు వదిలాను గోదాట్లో" అంది మెల్లిగా. తర్వాత నా కుడికాలు తన ఒళ్ళోకి లాక్కుని, కుట్ల మచ్చ మీద బొటనవేలు పెట్టింది. "సోమవారం ఇద్దరం వెళ్దాం. రేపు ఉద్వాసన చెబుతాను."

వెళ్ళాం. అమ్మమ్మ రేవులో స్నానం చేసి, తడి కొంగుతోనే షెడ్డుకొచ్చింది. మస్తాను గారు అడిగేలోపే, "చెప్పానండీ" అంది. ఆయన మేకు లాగుతున్నంతసేపూ బల్ల పక్కనే నిలబడింది. కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే తొట్టిలోకి వదిలి, రమణమ్మ గారిని పసుపు అడిగి తీసుకుని వేసింది. నీలం నిజంగానే ముందు వదిలింది. ఒక ఊరు తన చెత్తని ఏం చేస్తుందో చూద్దామని బయల్దేరిన నాకు, పారెయ్యడానికి చెయ్యి రాని వస్తువుని ఏ చేతిలో పెడతామన్నదే అసలు విషయమని రెండో ప్రయాణంలో అర్థమైంది. ఆ రోజు రేవులో మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, కాలితో తడుముకుంటూనే దిగాం. పాత అద్దాలు ఇంకా అడుగునే ఉన్నాయి. వాటిలో ఐదు మావి.

మీరు వెళ్ళేటట్టయితే సోమవారాలు కాకుండా మామూలు రోజున, ఎండ ముదరకముందే వెళ్ళండి. పటాన్ని పాత పంచెలో అద్దం లోపలివైపుకి వచ్చేలా చుట్టండి. మేకులు మీరు పీకకండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఉద్వాసన చెప్పించి మరీ బయల్దేరండి. లేకపోతే నాలాగే రెండుసార్లు బస్సెక్కాలి.