సర్వేయరు గారి మూడు న్యూ వాల్యూమ్‌లు

మన్మథరావు గారు ఏదీ రెండోసారి కొలవరు. ముప్పై నాలుగేళ్ళు టెక్కలి, పలాస చుట్టుపక్కల సర్వేయరుగా గొలుసు లాగించిన మనిషి. ఆయన పాతించిన రాయిని చూసి పక్క రైతు తిట్టుకున్నాడేమో గానీ పీకలేదు. రిటైరై కాశీబుగ్గలో మేడ మీద గది వేసుకుని, అందులో కంప్యూటరు పెట్టుకున్నాక కూడా ఆ ధీమా ఆయన్ని వదల్లేదు.

ఆ గదిలో ఆయన చేసే పని పొలాల పేర్లు పోగుచెయ్యడం. ప్రభుత్వానికి పొలమంటే నంబరు. ఉద్దానం రైతుకు ఆ నంబరు పాసుపుస్తకంలో ఉంటుంది, నోట్లో మాత్రం పేరుంటుంది. పెళ్ళికూతురు బద్ద, నక్కల మెట్ట, ఏడుకొబ్బర్లు. ఏడుకొబ్బర్లలో ఇప్పుడు కొబ్బరిచెట్టు ఒక్కటి లేదు, తిత్లీ తుఫానుకు ఏడూ ఒరిగిపోయాయి. పేరు ఒరగలేదు. ఇది ఈనాటి సంగతి కూడా కాదు. వెనకటి రాజులు ఈ తీరంలో ఊళ్ళు దానమిచ్చి రాగిరేకుల మీద హద్దులు చెక్కించినప్పుడు ఫలానా చెట్టు, ఫలానా పుట్ట, ఫలానా వాగు గెడ్డ అనే రాయించారు. చెట్లు పోయాయి, రాజులు పోయారు, రేకులు వెళ్ళి మ్యూజియం అద్దాల వెనక పడుకున్నాయి. మనం మేడ మీదికి వద్దాం.

ఉద్యోగమంతా ఆ పేర్ల మీద నంబర్లు వేసినవాడు మన్మథరావు గారే. రిటైరయ్యాక బండేసుకుని, ఫోను పట్టుకుని, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఆ నంబర్ల కింద నలిగిన పేర్లను వాళ్ళ గొంతులోనే రికార్డు చెయ్యడం మొదలుపెట్టారు. మొదటి గొంతు సోంపేట దగ్గరున్న పిన్ని తవిటమ్మది. ఏడేళ్ళలో ఆరువందల నలభై రికార్డింగులయ్యాయి. చెప్పినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. తవిటమ్మా లేదు. గొంతులన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

మొన్న కంప్యూటరు నీరసించింది. బజార్లో ఈశ్వర్ షాపుకు మోసుకెళ్తే, అతను పాత డిస్కు అలాగే ఉంచి, పక్కన కొత్తది బిగించి, అందులో విండోస్ ఎక్కించి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట అన్నాడు.

"అచ్చరాలు జరిగుంటాయి సార్. ఓపాలి తెరిసి సూసుకోండి."

"నాకు హద్దులు నేర్పుతావేటి ఈశ్వర్?" అని నవ్వేసి ఆటో ఎక్కారు.

ఇంటికొచ్చాక కొలతల పుస్తకం తీశారు. పాత డిస్కులోని ఏ భాగంలో ఏముందో అందులో ఆయన దస్తూరీతో స్పష్టంగా ఉంది: డి పేర్లు, ఇ సినిమాలు, ఎఫ్ ఫొటోలు. మూలపేట వైపు కొత్తగా తీసిన గొంతులతో ఫోను నిండిపోయింది. వాటికి జాగా కావాలంటే సినిమాలు పోవాలి. అవి బామ్మర్ది యువరాజు ఎప్పుడో నింపి వదిలేసినవి. ఇ మీద మౌస్ పెట్టి కుడి బటన్ నొక్కి, ఫార్మాట్ అన్నారు. ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని కంప్యూటరు అడిగింది.

అప్పుడే ఆరిన బట్టలు తీసుకుని కళావతి గదిలోకి వచ్చింది. ఆయన భార్యే, మేనమామ కూతురు. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయినా బావా అనే పిలుస్తుంది.

"ఏటి సేత్తన్నావు బావా?"

"మీ తమ్ముడి సినిమాలు తుడిసేత్తన్నాను."

ఆవిడ బట్టల మోపుతోనే తెరమీదికి వంగింది.

"న్యూ వాల్యూమ్. ఇదేటి?"

"దాని పేరు."

"మరి కిందదో?"

"అదీ న్యూ వాల్యూమే."

"దానికిందదో?"

"అదీను."

"ముగ్గురికీ ఒకే పేరెట్టి అందులో ఒకడి పీక కోత్తానంటావేటి! ఇదే సినిమాలదని ఎలాగ తెలిసినాది నీకు?"

"పక్కన ఇ అని ఉంది సూడు. సర్వే నంబరు లాంటిదే. నంబరు కదలదు."

"నువ్వేసిన నంబరేటది?"

మన్మథరావు గారి వేలు ఆగింది. తను వెయ్యలేదు. కంప్యూటరు వేసింది. కొత్త డిస్కు వచ్చి సి కుర్చీలో కూర్చుంటే, పాతవాళ్ళందరూ తలా ఒక గట్టు కిందికి జరిగి ఉంటారు, డి కాస్తా ఇ అయి ఉంటుంది. ఈశ్వర్ చెప్పిందీ అదే.

క్యాన్సిల్ నొక్కి, ఇ తెరిచారు. సినిమాలు లేవు. మొదటి ఫైలు నొక్కితే పిన్ని గొంతు గదంతా పరుచుకుంది. "ఒరే మన్మదా, నీ నంబరు నాకేలరా? పిలిత్తే పలకదు గదా!"

కళావతి బట్టలు మంచం మీద పడేసి కూర్చుంది. పిన్ని గొంతు ఆగాక, "సర్వేయరు గారు పిన్ని మీద గొలుసు లాగీబోనారు," అంది.

మన్మథరావు గారు పౌరుషం గల మనిషి. తప్పు తేలితే మర్నాటిదాకా మొయ్యరు. అక్కడికక్కడే పేరుమార్చు నొక్కి, ఇ పక్కన తెలుగులో పిన్ని పొలం పేరే, తవిటమ్మ మడి అని కొట్టారు. ఫొటోల దానికి జీడితోట అని కళావతి పెట్టింది, తోటలాగే ఫొటోల్నీ ఏడాదికోసారైనా పోయి చూసుకోవాలి కాబట్టి. ఎఫ్ తెరిచి, ఉన్నవన్నీ యువరాజు సినిమాలేనని ఇద్దరూ చూసుకుని, అప్పుడు తుడిచి, బీల అని పేరు పెట్టారు. వానాకాలం ఎటు నుంచి వచ్చిన నీళ్ళయినా పల్లంలో ఉన్న బీలలోకే కదా చేరేది. ఫోనులోని మూలపేట గొంతులు సాయంత్రానికి అందులో చేరాయి. కొలతల పుస్తకంలోని పాత పేజీని ఒక్క అడ్డగీతతో కొట్టేశారు. సర్వీసులోనూ, రిటైరయ్యాకా ఆయన కొట్టేసిన పేజీ అదొక్కటే.

మర్నాడు ఈశ్వర్ దగ్గర విడి డిస్కు ఒకటి కొని, ఇంటికి తెచ్చి, దానికీ తవిటమ్మ మడి అనే పేరు పెట్టి, గొంతులన్నీ అందులోకి నకలు తీశారు. ఒకే చోట ఉంచకూడదని దాన్ని మళ్ళీ షాపుకు పట్టుకెళ్ళి అక్కడే దాచమన్నారు. ఈశ్వర్ తన కంప్యూటరుకు తగిలించి చూశాడు.

"మా దాంట్లో హెచ్ అని వచ్చింది సార్. మీ ఇంటికాడేటి?"

"ఐ. ఏదైతే ఏటి? పేరు సూడు."

ఈశ్వర్ చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "తవిటమ్మ మడేటి సార్, సోంపేట కాడిదేనా? మా మావోల మడి దానికి పడమటేపే."

మన్మథరావు గారు స్టూలు ముందుకు జరుపుకుని, జేబులోంచి ఫోను తీసి రికార్డింగు నొక్కారు.

"మీ మావోల దాని పేరేటో సెప్పు."