కట్టెలతో వచ్చిన పటాలం

2001 జూన్‌లో నన్ను అనంతపురం జిల్లా హోంగార్డుల శిక్షణకు రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ కేసులు రాయడు, దొంగల్ని పట్టడు. కవాతు చేయించడం, తుపాకులు భద్రంగా ఉంచడం, బందోబస్తుకు మనుషుల్ని పంపడం అతని పని. స్టేషన్లలో పనిచేసే మా పోలీసు మిత్రులే మమ్మల్ని మైదానంలో కట్టేసిన ఎద్దులని ఎగతాళి చేసేవారు. చేసుకోనీ. జాతర రోజున ఆ ఎద్దుల కోసమే ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి.

హోంగార్డు మామూలు రోజుల్లో రైతో, దర్జీయో, టీకొట్టు మనిషో. పిలుపు వస్తే ఖాకీ తొడుక్కుని వస్తాడు. ముప్పై మందిని ఒక ప్లటూను అంటారు, దానికొక ప్లటూన్ కమాండర్ ఉంటాడు. గోరంట్ల ప్లటూన్ కమాండర్ ఓబులేసు. వేరుశనగ రైతు. అతను గుసగుసలాడినా పక్క వీధికి వినపడేది.

నేను చేరేనాటికే ఆ ప్లటూనుకు ఎసరు పెట్టి ఉన్నారు. వారం వారం కవాతుకు సరిగా రావడం లేదని, రద్దుచేసి మనుషుల్ని హిందూపురంలో కలిపేయాలని ప్రతిపాదన. విత్తనం వేసే రోజుల్లో వాన కోసం ఆకాశం చూసేవాడు మైదానంలో లెఫ్ట్ రైట్ ఎలా కొడతాడు? హిందూపురం పొమ్మంటే సేద్యం ఉన్నవాడెవడూ పోడు, ఖాకీ విప్పేసి ఇంట్లో కూర్చుంటాడు. నేను పోట్లాడగా పోట్లాడగా మా పై అధికారి కమాండెంట్ గారు ఒక్క అవకాశం ఇచ్చారు. ఆదివారం తానే గోరంట్ల వస్తారు. ముందుగా చెప్పకుండా ఆ మధ్యాహ్నమే పిలుపు పంపాలి. పొద్దు వాలేలోగా ప్లటూను ఎదుట నిలబడితే ఉంచుతారు, లేదంటే రద్దు కాగితం మీద సంతకం పెట్టేస్తారు.

నేనేమీ భయపడలేదు. నా దగ్గర సింగపూర్ మంత్రం ఉంది మరి! అంతకు కొన్నేళ్ల ముందు ఒక శిక్షణలో ఆ దేశపు అధికారి ఒకాయన మాకు ఉపన్యాసం ఇచ్చాడు. దేశం మొత్తం మన మండలాలు రెండు మూడు కలిపినంత. వెనక్కి తగ్గుదామంటే సముద్రమే. తాగే నీళ్లలో చాలా భాగం పక్క దేశం నుంచి కొనుక్కుంటారట. అది విన్నప్పుడు, ఓరి, నీటి కరువులో మా చుట్టమే అనుకున్నాను. అంత చిన్న దేశానికి పెద్ద సైన్యం ఎక్కడిది? అందుకని వయసొచ్చిన ప్రతి మగపిల్లవాడూ సైన్యంలో పనిచేసి ఇంటికి పోతాడు, పిలిస్తే మళ్లీ వస్తాడు. చైనీయులు, మలయీలు, తమిళులు ఎవరికి వారు వేరే పేటలు కట్టుకోకుండా, ఒకే భవనంలో కలిసి ఉండేలా ఇళ్లు కేటాయిస్తారు. పక్కింటివాడు పరాయివాడైతే దేశాన్ని ఎవడు కాస్తాడని ఆయన అడిగాడు. పిలుపు పంపే పద్ధతి నాకు మరీ నచ్చింది. టీవీలో, సినిమా తెర మీద ఒక గుర్తు మాట వేస్తారు. అది చూసినవాడు చేతిలో పని వదిలి పరుగెత్తుకొస్తాడు.

నేనూ అదే చేశాను. కేబుల్ టీవీ ఆయనతో, సినిమా హాలు మేనేజరుతో మాట్లాడి, మధ్యాహ్నం ఆటలో ఎద్దు బొమ్మ వేయించే ఏర్పాటు చేశాను. ఏ రోజన్నది చెప్పకుండా, ఎద్దు కనిపిస్తే బస్టాండు మైదానానికి రావాలని మాత్రం ప్లటూనుకు వారం ముందే నేర్పాను.

ఆదివారం కమాండెంట్ గారు వచ్చి మైదానంలో కుర్చీలో కూర్చున్నారు. ఎద్దు బొమ్మ వేసే వేళకు కరెంటు పోయింది! టీవీ లేదు, సినిమా లేదు. హాలు నుంచి బయటికొచ్చిన నలుగురిలో మావాడు ఒక్కడూ లేడు.

ఓబులేసు నా మీద విరుచుకుపడ్డాడు. “ఏం సార్ ఇది! కరెంటు ఉన్యా టీవీ చూసేదెవరు? అందరూ చేన్లల్లో ఉండారు. నేను తప్పెట కొట్టిస్తా, రాండి.”

తప్పెట అంటే పీర్ల తప్పెట. మా వైపు పీర్ల పండుగ ముస్లిములది ఎంతో హిందువులది అంతే. పీర్లంటే వెనకటి ధర్మయుద్ధంలో అమరులైనవారి పేరున నిలిపే లోహపు హస్తాలు, ఓబులేసే ఏటా ఒక పీరును ఎత్తుతాడు. పీర్లను ఉంచే చావిడి ముందు నిప్పుల గుండం వేస్తారు. తప్పెట మోగగానే ఇంటికొక మనిషి గుండానికి ఒక కట్టె పట్టుకుని రావాలి. ఆ దెబ్బ వేరే, చేలల్లోకి కూడా వినిపిస్తుంది.

చావిడి చూసుకునే ముజావర్ దస్తగిరి మాత్రం ససేమిరా అన్నాడు. “పండగ అయిపోయి రెండు నెలలాయ. పీర్లు పెట్టెలో పండుకోనుండారు. కాలం గాని కాలంలో లేపమంటావేమప్పా?” అని ఓబులేసును కసిరాడు. నా వైపు తిరిగి, “మీ ముప్పై మందినే పిలిచే తప్పెట నా దగ్గర లేదు సార్. కొడితే ఊరు వస్తాది” అన్నాడు.

నేను బతిమాలాను. ప్లటూను పోతే పండుగ నాడు గుండం దగ్గర జనాన్ని ఆపే మనిషి ఉండడన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. పీర్లూ ధర్మం కోసం యుద్ధంలో నిలబడినవాళ్లే గదా అని చివరికి మెత్తబడ్డాడు. ఒక్క షరతు పెట్టాడు. పీర్ల పేరున చక్కెర మీద ప్రార్థన చదివించి, వచ్చినవాళ్లందరికీ పంచాలి, ఎవరినీ వట్టినోటితో పంపకూడదు. ముప్పై మందికి ఎంత చక్కెర కావాలిలే అనుకుని సరేనన్నాను.

మైదానం పక్కనే ఉన్న చావిడి ముందు తప్పెట మోగింది, ప్లటూను ఖాకీలో రావాలని ఓబులేసు కేక కూడా దాని వెంట పోయింది. కొంతసేపటికి దుమ్ము లేచింది. మావాళ్లు వచ్చారు, లుంగీ మీద ఖాకీ చొక్కా, కాళ్లకు ఎర్రమట్టి. వాళ్ల వెనక ఊరు ఊరంతా, చేతిలో తలా ఒక కట్టె! కమాండెంట్ గారు కుర్చీలోంచి లేచి, దాడికి వస్తున్నారా ఏమిటండీ అని అడిగారు. ఎందుకొచ్చారని ఆయనే ఒక ముసలమ్మను అడిగితే, “తప్పెట ఇనపడె, వస్తిమి. ఎందుకని అడుగుతారా యాడన్నా?” అని ఆమె ఎదురు అడిగింది.

ప్లటూన్ని వరుసలో నిలబెట్టి లెక్క చూసుకున్నాను. ముప్పై. కమాండెంట్ గారు ఒక్కొక్కరినీ చూస్తూ పోయి చివరి మనిషి దగ్గర ఆగారు. మూతి మీద తెల్లమీసం, తల మీద వదులైన ఖాకీ టోపీ, భుజాన తుమ్మకట్టె. మా ప్లటూనులో అంత ముసలివాడు లేడు. మీరెవరండీ అని ఆయన అడిగారు.

“ఈ టోపీ వాని నాయనను సార్. మావాడు కూలికి బెంగుళూరు పోయినాడు. పిలుపొచ్చె. ఇంటికొకరు రావల్ల గదా!”

కమాండెంట్ గారు నవ్వలేదు. ఆ ముసలాయనకు సెల్యూట్ చేశారు. రద్దు కాగితాన్ని నా ఎదుటే మడిచి జేబులో పెట్టుకుని, చక్కెర కోసం అందరితో పాటు చెయ్యి చాచారు. చక్కెర ఎక్కడ సరిపోతుంది? ఓబులేసు అంగళ్లన్నీ ఊడ్చుకొచ్చాడు. తెచ్చిన కట్టెలను చావిడి పక్కన పేర్చి, వచ్చే ఏటి గుండానికి కట్టెలు ఇప్పుడే కూడాయని దస్తగిరి మురిసిపోయాడు.

తర్వాత నేను పదవీ విరమణ దాకా చాలా ఊళ్లలో ఇదే పని చేశాను. విడపనకల్లు వైపు ఒక ఊళ్లో పాలబండి హారన్ వాడుకున్నాను, మరొక ఊళ్లో నీళ్ల ట్యాంకరు గంట. ఎక్కడికి పోయినా మొదట అడిగేది ఒకటే, ఈ ఊరు దేనికి కదులుతుంది అని. సింగపూర్ అధికారి తన జనం రోజూ చూసేదాన్ని పిలుపుగా వాడుకున్నాడు. నేను ఆయన పద్ధతిని వదిలేసి ఆయన టీవీని తెచ్చుకున్నాను. పిలిస్తే రావాలనే చట్టం ఆ దేశం రాసుకోవలసి వచ్చింది. గోరంట్లలో అది అప్పటికే ఉంది. మేము దానికి ఖాకీ టోపీ పెట్టామంతే.