ప్రశ్న తర్వాత మౌనం

టీవీలో లెక్కల పాఠం చెప్పే మాస్టారు ప్రశ్న అడిగాక కెమెరా వైపు చూస్తూ కాసేపు ఊరుకునేవారు, ఇళ్లల్లో పిల్లలు జవాబు చెప్పాలని. తర్వాత "శభాష్, సరిగ్గా చెప్పావు" అనేవారు.

పాఠాలు ఎవడు చూస్తాడని ఛానల్ వాళ్లు ఎత్తేశారు. చూసే పిల్లల్ని అడిగిన పాపాన పోలేదు. నల్లబల్ల పీకేసి, సోఫాలు వేసి, రియాలిటీ షో మొదలెట్టారు.

"ఎవర్ని ఇంటికి పంపుతున్నామో చెప్పేముందు మీలాగే ఆగాలండీ. మా యాంకరమ్మకి నేర్పండి," అని డైరెక్టర్ కబురుపెట్టాడు. మాస్టారు పొట్ట చేతపట్టుకుని వెళ్లారు.

షూటింగ్‌లో యాంకరమ్మ అచ్చం ఆయనలాగే ఆగింది. ఆ నిశ్శబ్దం భరించలేక సోఫాలోని అమ్మాయి ఏడుస్తూ, "నేనే కదా?" అంది.

కెమెరా పక్కనున్న మాస్టారి నోట అలవాటుకొద్దీ మాట జారింది. "శభాష్, సరిగ్గా చెప్పావు."

"అది తీసెయ్యకండి," అన్నాడు డైరెక్టర్. "ఇకనుంచి ప్రతివారం మాస్టారే అంటారు."