సంచిలో డైనోసార్: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒక్క రోజులో

డైనోసార్ ఎముకలు ముట్టుకోవాలంటే సూర్యాపేట బస్సెక్కితే చాలని నేనంటే మా ఆఫీసులో అందరూ పగలబడి నవ్వారు. నవ్వనీ. హైదరాబాద్ మ్యూజియంలో ఉన్న అస్థిపంజరం నాలుగు కాళ్ల మీద నడుస్తూ ఆకులు మేసిన పెద్ద జీవిది. దాని మీద నాకు గౌరవం ఉంది కానీ ప్రేమ మాత్రం చిన్నప్పటి నుంచీ థెరోపాడ్ల మీదే. రెండు కాళ్ల మీద పరుగెత్తిన డైనోసార్ల గుంపుకు ఆ పేరు. బోలు ఎముకలు, నేల మీద మూడు వేళ్ల ముద్రలు వేసే పాదాలు వాటి గుర్తులు. టి-రెక్స్ ఆ గుంపుదే. మన పెరట్లో గింజలేరుకునే కోడి కూడా ఆ గుంపుదే. సరదాకి అంటున్న మాట కాదు, ఆ వంశంలో మిగిలిన కొమ్మే పక్షులు. ఇది ఎవరికి చెప్పినా నా గొంతు పెద్దదవుతుంది, మా ఆయన టీవీ సౌండు పెంచుతాడు.

నా చిన్ననాటి స్నేహితురాలు వసంత మిర్యాలగూడ నుంచి నిడమనూరు వెళ్లే దారిలో ఒక ఊరి బడిలో జీవశాస్త్రం చెబుతుంది. పోయిన వారం ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. బడిలో ఉన్న ఒక్క సైన్స్ గదిని మధ్యాహ్న భోజనం బియ్యానికి ఇచ్చేయాలని హెడ్ మాస్టర్ నిర్ణయించారట. ఆయన మిర్యాలగూడలో తరతరాలుగా బియ్యం వ్యాపారం చేసే ఇంటివారు, ఖాళీ గది చూస్తే ఆయన కళ్లకు బస్తాలే కనిపిస్తాయని వసంత ఉడుక్కుంది. "శనివారం నాలుగున్నరకు వస్త టీచర్. బొమ్మ కాకుండ ఏదన్న అసలుది ఉంటే సూపియ్యి, లేకుంటే సోమవారం బస్తాలు దిగుతయ్" అన్నారట. అదృష్టం కొద్దీ, సూర్యాపేట దగ్గర గొర్రెలు పెంచే, వసంతకు తెలిసిన మల్లేశం ఇంట్లో ఒక పెద్ద టర్కీ కోడి ఉండేది. దాన్ని కోసిన రోజున ఎముకలన్నీ దాచమని వసంత ముందే చెప్పి ఉంచింది, ఈ మధ్యే కోశారట. తనకు సెలవు దొరకదు. ఎముకలు తెచ్చి, కోదాడలో చేయించిన ఇనుప స్టాండు తీసుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా బడికి చేరే పని నా నెత్తిన పడింది. పడింది అంటున్నాను కానీ, నిజానికి నేను ఎగిరి గంతేశాను.

శనివారం పొద్దున ఐదున్నరకు ఎల్బీనగర్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు మర్చిపోకండి, అది ఉంటే జీరో టికెట్, డైనోసార్‌కు ఎలాగూ టికెట్ అడగరు. హైవే ఖాళీగా ఉండడంతో ఎనిమిదింటికే సూర్యాపేటలో దిగాను. ధాన్యం లారీలన్నీ మార్కెట్ వైపు బారులు తీరి ఉన్నాయి. మల్లేశం ఊరికి వెళ్లి, అక్కడ ఆగి, మళ్లీ బస్టాండుకు తెచ్చేందుకు ఆటోకు మూడు వందలకు బేరం కుదిరింది. దారి పొడుగునా రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోశారు. ఆటో డ్రైవర్ ఒక చక్రాన్ని తారు మీద, ఒక చక్రాన్ని మట్టిలో నడుపుతూ "జర గట్టిగ పట్టుకోండ్రి మేడం, వడ్లు తొక్కితే కొడ్తరు" అని నవ్వాడు.

మల్లేశానికి అరవై ఏళ్లుంటాయి. గొర్రెల దొడ్డి పక్కన చాప పరిచి, ఎముకలన్నీ దాని మీద వరసగా పేర్చి పెట్టి నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఉడకబెట్టి, సున్నపు నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టాడట. తెల్లగా మెరుస్తున్నాయి. ఏ కాలు ఎముకలు ఆ కాలు పక్కన, వెన్నుపూసలు వరస తప్పకుండా దారానికి గుచ్చి! నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. "ఒక్క బొక్క తగ్గది మేడం. గొర్రెను కోస్తె తలకాయ నుంచి గిట్టల దాక నాకు లెక్క ఎర్కనే. ఇగ కోడి ఎంత?" అన్నాడు. ఇటు వైపు ఎముకను బొక్క అంటారు, కోస్తా నుంచి వచ్చేవారు కంగారు పడకండి. తుంటి ఎముకను ఎత్తి వెలుగుకు పట్టి, తొడ ఎముక తల కూర్చునే గుంటలో అటు నుంచి ఇటు తెరుచుకుని ఉన్న రంధ్రాన్ని చూపించాడు. "గొర్రెకు గిట్ల ఉండది. పుచ్చిందేమో అనుకున్న. రెండు దిక్కులా అట్లనే ఉంటే ఊకున్న." నేను కేక పెట్టినంత పని చేశాను. ఆ రంధ్రం డైనోసార్ల వంశపు గుర్తు! కోట్ల ఏళ్ల నాటి తుంటిలో ఉన్నదే ఈ చాప మీద ఉంది. దాని లోంచి మల్లేశం భార్యను చూశాను, ఆమె నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎముకలు అట్టపెట్టెలో ఊక పోసి సర్దుకుని, పెట్టెను చేతిసంచిలో పెట్టి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి బయలుదేరాను.

సూర్యాపేట నుంచి కోదాడ గంట ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని పెట్టెలోంచి ఒక కాలు ఎముక తీసి ఆడుకుంటూనే ఉన్నాను. పక్షికి మోకాలు వెనక్కి వంగుతుందని అనుకుంటాం కదా, అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. కోడి జీవితమంతా మునివేళ్ల మీదే నడుస్తుంది, టి-రెక్స్ కూడా అలాగే నడిచింది. పక్క సీటు పెద్దావిడ కాసేపు చూసి, సంచీ తీసుకుని వెనక సీటుకు మారిపోయింది.

కోదాడలో వెల్డింగ్ షాపు నుంచి స్టాండు తీసుకునేసరికి పన్నెండు దాటింది. బస్టాండు వెనక ఒక చిన్న మెస్సులో నాటుకోడి భోజనం రెండు వందల ఇరవై. పులుసు ఘాటుకు చెవుల్లోంచి పొగలొచ్చినా రెండోసారి వేయించుకున్నాను. వండేది, వడ్డించేది నాగమణి గారే. పెట్టెలో ఏముందని ఆమె అడిగితే నా నోరు ఊరుకుంటుందా? మూత తీసి మొత్తం చూపించేశాను. ఆమె చెయ్యి తుడుచుకుని, ఎముకలు ఒక్కొక్కటే పక్కకు జరిపి చూసి, "అన్నీ ఉన్నాయి గానీ, మెడ కింద పంగ ఎముక ఏదండీ? రోజుకు పాతిక కోళ్లు కోస్తానమ్మా, అది లేని కోడిని నేను చూళ్లేదు" అంది. పెట్టెంతా తిరగేశాను, ఊక జల్లించాను. లేదు.

అది ఏదో ఒక ఎముక కాదు. రెండు కాలర్ ఎముకలు ఒకటిగా కలిసిపోయి పంగలకర్ర ఆకారంలో ఉండే ఆ ఎముక థెరోపాడ్లకూ పక్షులకూ చుట్టరికం చెప్పే పెద్ద సాక్ష్యాల్లో ఒకటి. టి-రెక్స్ ఛాతీలో కూడా ఉంది. పక్షులు డైనోసార్ల సంతతి అని చూపించబోయేవాళ్లు దాన్నే పోగొట్టుకుంటే ఇంకేం మిగులుతుంది? అక్కడే నిలబడి మల్లేశానికి ఫోన్ చేశాను. "గా బొక్కనా? ఉండె మేడం" అన్నాడు తాపీగా. "రెండు పక్కబొక్కలు అతుక్కపోయి చెడిపోయినయ్ అనుకొని పెంట మీద పారేసిన. మెడకింద గొర్రెకు ఏ బొక్క ఉండది. గొర్రెకు లేనిది కోడికి ఎక్కడిది?" అదే అసలైనదని నేను చెప్పాను. "పెంట తోడుత. దొరికితే నేనే తెస్త" అని పెట్టేశాడు. నాగమణి గారు నా ముఖం చూసి, ఒక నాటుకోడి పంగ ఎముకను వేడినీళ్లలో కడిగి కాగితంలో చుట్టి ఇచ్చింది. "దీంతో సరిపెట్టుకోండమ్మా, కోడి కోడే కదా." డబ్బులు తీసుకోలేదు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు దాదాపు రెండు గంటలు పట్టింది. ఊరు దగ్గర పడగానే రైస్ మిల్లుల నుంచి వచ్చే ఉప్పుడు ధాన్యం వాసన బస్సంతా నిండింది. మామూలు రోజైతే గట్టిగా పీల్చుకునేదాన్ని. అక్కడి నుంచి బడికి ఆటోలో వెళ్లేసరికి మూడుంబావు. వసంత పెట్టె తెరిచి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తీగలతో కట్టుకుంటూ పోతుంటే మా కళ్ల ముందు ఒక జంతువు లేచి నిలబడింది. బోలు ఎముకలు, రెక్కలోకి మడుచుకునే మణికట్టు, పక్కటెముకల మీద వెనక్కి తిరిగిన చిన్న కొక్కేలు, పొట్టిగా మొద్దుబారిన తోక. ఛాతీ దగ్గర ఖాళీ మాత్రం నోరు తెరుచుకుని ఉంది. నాలుగు ఇరవై అయినా మల్లేశం ఫోన్ ఎత్తడం లేదు. కోదాడ కాగితం విప్పి ఆ చిన్న ఎముకను కట్టేసింది నేనే. వసంత వద్దంది. "ఏందే ఇది, దానిది కాదు కదా" అంది. ఎవరు చూస్తారని నేనే నోరు మూయించాను.

హెడ్ మాస్టర్ వచ్చారు. బియ్యంలో రాళ్లు ఏరే ఇంట్లో పుట్టిన మనిషి. చుట్టూ ఒక్కసారి తిరిగి, సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. "ఇదొక్కటి ఇంత చిన్నగున్నదేందమ్మా?" నాకు అబద్ధం నోటి దాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. వేరే కోడిదని ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "అసలుది సూపియ్యమన్న గదా టీచర్. అతుకులు పెడితే ఇగ ఇది బొమ్మనే. బొమ్మకు గది ఎందుకు?" అని వసంతతో అన్నారు. వసంత కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తలెత్తలేకపోయాను, సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన గుమ్మం దాటుతుండగా బయట బైకు ఆగింది. మల్లేశం! మోచేతుల దాకా పెంట మరకలు, తల నిండా దుమ్ము. యాభై అరవై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ వచ్చాడు. "పారేసిన పెంటలనే దొరికింది మేడం" అంటూ జేబులోంచి గుడ్డమూట తీసి విప్పితే, అరచేయంత పంగ ఎముక. నేను ఆ చిన్నదాన్ని విప్పేస్తే, ఆయనే తన చేత్తో అసలుదాన్ని భుజాల మధ్య పెట్టాడు. రెండు కొసలు రెండు వైపులా కొలిచి చేసినట్టు కూర్చున్నాయి. వసంత ఏడుస్తూ నవ్వింది. నేను ఎగిరాను, నిజంగానే ఎగిరాను, నలభై ఆరేళ్ల వయసులో.

"ముందు ఎందుకు పారేసినవయ్యా?" అన్నారు హెడ్ మాస్టర్. మల్లేశం ఏమీ దాచకుండా చెప్పాడు. అప్పుడు నాకు పూనకం వచ్చినట్టు మాటలొచ్చాయి. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే డైనోసార్లకు కాలర్ ఎముక లేదనుకున్నారు, అది లేని జీవుల నుంచి అది ఉన్న పక్షులు ఎలా పుడతాయని ఆ చుట్టరికాన్నే కొట్టేశారు, తరవాత తవ్వినకొద్దీ ఎముక దొరుకుతూ వచ్చింది, చేతికి దొరికిన కొన్నిటిని కూడా వేరే ఎముకలనుకున్నారు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మల్లేశం వింటూ తన మెడ కింద రెండు వైపులా తడుముకున్నాడు. తరవాత హెడ్ మాస్టర్ చొక్కా కాలర్ వైపు చూశాడు. "నాకున్నది. సారుకున్నది. కోడికున్నది" అని మెల్లగా అన్నాడు. "అంటే లేనిది మా గొర్రెకు. ఇన్నేండ్లు కోడికే ఎక్కువైందనుకుంటి, గొర్రెకే తక్కువైందన్నట్టు."

హెడ్ మాస్టర్ కూడా తన కాలర్ ఎముక తడుముకోవడం నేను చూశాను. "సోమవారం బస్తాలు నా రూంల ఏపిద్దాం" అన్నారు వసంతతో. మల్లేశం వైపు తిరిగి, "నువ్వు గొర్రె జబ్బ బొక్క పట్టుకొని రా. గీ ముచ్చట పిల్లలకు నువ్వే చెప్పాలె" అన్నారు.

సాయంత్రం మిర్యాలగూడ స్టేషన్లో హైదరాబాద్ రైలు ఎక్కాక కూడా నా చేతులు ఆ ఎముకల స్పర్శనే తలుచుకుంటున్నాయి. ఇంత సంతోషంగా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. కానీ ఒక మాట దాచకుండా రాయాలి. తనకు తెలిసిన లెక్కలో ఇమడలేదని మల్లేశం నిజమైన ఎముకను పారేశాడు. లెక్క ఇమడాలని నేను పరాయి ఎముకను కట్టాను. ఆయనది తెలియక చేసిన పని, నాది తెలిసే చేసిన పని. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద అంత దూరం వచ్చి తప్పు దిద్దింది కూడా ఆయనే.

మీరు కూడా ఇలా ఎముకలు సేకరించాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దాచేవారికి "పనికొచ్చేవన్నీ ఉంచండి" అని చెప్పకండి. "పనికిరావనిపించినవి వేరే సంచిలో వేసి ఇవ్వండి" అని చెప్పండి, ఇంటికి రాగానే ముందు ఆ సంచి విప్పండి.