సగం గీత సైదులు

"సైదులన్నా, గీత అంటే నీకు మొత్తం గీతనా, సగం గీతనా?"

2023 ఫిబ్రవరిలో, మూడు వందల మంది ముందు, వ్యాయామం సారు బాలకృష్ణ అడిగిన ప్రశ్న ఇది. సైదులు చేతిలో టేపు ఉంది, కాళ్ల ముందు ఫుట్‌బాల్ ఉంది. ఆలోచించడానికి ఆయన సమయం తీసుకోలేదు. "సగం" అన్నాడు. ఆ ఒక్క మాటతో ముప్పై ఒక్క ఏళ్ల పేరు పోయి, కొత్త పేరు వచ్చింది.

సైదులు సర్వే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చైన్‌మన్‌గా చేశాడు. అంటే భూమి కొలిచేటప్పుడు గొలుసు కొస పట్టుకుని ముళ్లకంపల్లోకి నడిచే మనిషి. లెక్క రాసేది సర్వేయరు, సంతకం పెట్టేది సర్వేయరు, వేపచెట్టు కింద కుర్చీ వేసేది సర్వేయరుకు. 2017లో రిటైరయ్యాక చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్లలో సొంతంగా ప్లాట్లు, దొడ్లు, పొలం గట్లు కొలిచిపెట్టేవాడు. ఆయన పాతిన రాయిని ఎవరూ కదిలించరని ప్రతీతి. అది ఆయన నిజాయితీ మహిమ అని సభల్లో చెప్పుకోవచ్చు. ఆయన రాయిని మూడడుగుల లోతున పాతుతాడన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆయనకు తెలిసిన ధర్మశాస్త్రమంతా ఒక్క వాక్యం. రెండు పొలాల మధ్య గట్టు ఉంటే, హద్దు గట్టు నడుమ ఉంటుంది. సగం వీడిది, సగం వాడిది.

ఇక ఆయన ఊరికి ఫుట్‌బాల్ ఎందుకు వచ్చిందంటే, క్రీడాస్ఫూర్తి వల్ల కాదు. హైవే పక్కన అమ్ముడుపోని ప్లాట్లలో కుర్రాళ్లు క్రికెట్ ఆడేవాళ్లు. ఒకరోజు ప్లాటు చూడటానికి వచ్చిన పెద్దమనిషి కారు అద్దం పగిలింది, బేరం చెడింది. వెంచర్ వాళ్లు బ్యాటును నిషేధించారు. పెద్ద బంతికి అద్దం పగలదని బాలకృష్ణ సారు వాళ్లను ఒప్పించి ఫుట్‌బాల్ పెట్టించాడు. అప్పుడే ఖతర్‌లో ప్రపంచకప్పు అయిపోయింది కాబట్టి పిల్లలందరికీ రూల్సు వచ్చనే నమ్మకం కూడా ఉండింది. వెదురు బొంగులతో గోల్ స్తంభాలు కట్టారు. ముగ్గుపిండితో గీతలు పోశారు. గెలిచినవాళ్లకు బహుమతిగా గొర్రెలు కాసే మల్లప్ప ఒక పొట్టేలును ఇచ్చాడు. సారు రెఫరీ. గీత దగ్గర నిలబడటానికి మాత్రం, గీత అంటే ఇంకెవరు, సైదులును పిలిచారు.

ఫైనల్లో ఊరి జట్టు, పోచంపల్లి జట్టు. చెరొక గోలు. ఇంకో రెండు నిమిషాల ఆట ఉందనగా పోచంపల్లివాడు కొట్టిన బంతి పై బొంగుకు తగిలి, కింద గీత మీద ఉన్న గుంతలో పడి, అక్కడే కూర్చుంది. ఊరి గోల్‌కీపర్ రాకేష్ వంగి తీసుకుంటే అయిపోయేది. కానీ అప్పుడే సైదులు గొంతు లేచింది: "ఎవ్వలు ముట్టద్దు."

అది ముప్పై ఒక్క ఏళ్లు పొలాల్లో పనిచేసిన గొంతు. రాకేష్ రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. ఇరవై ఇద్దరూ నిలబడిపోయారు.

సైదులు టేపు తీశాడు. జానెడు వెడల్పు ముగ్గు గీతకు నడుమ పుల్లతో గుర్తు పెట్టాడు. బంతి నేలకు ఆనిన చోటు నడుమ గుర్తు దాటి రెండు వేళ్లు లోపల ఉంది. ఇరువైపుల నుంచీ ఒక్కో సాక్షిని పిలిచి చూపించాడు. వేలిముద్ర అడగలేదు, అదొక్కటే తక్కువ. గోలు అన్నాడు. సారు ఈల ఊదాడు.

ఐదు నిమిషాల్లో ఎవరో ఫోనులో రూలు వెతికి తెచ్చారు. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటాలట, వెంట్రుకవాసి గీతను కప్పుతున్నా గోలు కాదట. అప్పుడు సారు అడిగాడు, మొత్తమా సగమా అని. సగం అన్న తర్వాత సైదులు కారణం కూడా చెప్పాడు: "సారూ, గట్టు మొత్తం ఒక్కనిదే అంటే ఊర్ల తలకాయలు పలుగుతయి."

ఈల ఊదాక మార్చడం ఉండదని సారు పట్టుబట్టాడు. తన తప్పును రూలుగా మార్చుకోవడంలో చదువుకున్నవాళ్లకు అభ్యాసం ఎక్కువ. పొట్టేలు ఆటోలో పోచంపల్లి వెళ్లింది. దానికి జాగా సరిపోక గెలిచినవాళ్లలో ఇద్దరు బస్సెక్కారు.

ఇందులో నవ్వుకోవడానికి ఏముందో ఊరికి బాగా తెలుసు, సైదులుకు మాత్రం తెలియదు. ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఒక్కటే: గీత మీద ఆయన మాటకు ఎదురులేకపోవడం. ఆ వచ్చే సోమవారం ప్రమీలమ్మకూ మల్లప్పకూ మధ్య గట్టు కొలవాల్సి ఉంది. ప్రమీలమ్మ సైదులుకు వరసకు వదిన. సోమవారం పొద్దున్నే కబురు పంపింది, రావద్దని. ఉత్త ముగ్గు గీత మీద తప్పినోడు గట్టు మీద తప్పడా అని నీళ్ల ట్యాంకు దగ్గర అందరికీ వినపడేలా అన్నదట. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఆ ఏడాది ఆయన్ని కొలతకు ఒక్కరూ పిలవలేదు. పిల్లలు "సగం గీత తాత" అని పిలిచారు. హోటల్లో ఛాయ్ అడిగితే సగం గ్లాసు పోసి ముందు పెట్టారు. ఆయన తాగి, పూర్తి డబ్బులిచ్చి వచ్చాడు. వారానికోసారి గొలుసును కిరసనాయిలుతో తుడవడం మాత్రం మానలేదు.

న్యాయంగా చెప్పాలంటే, గీత దగ్గర తప్పడం సైదులు కనిపెట్టింది కాదు. 2010 ప్రపంచకప్పులో ఇంగ్లాండు కొట్టిన బంతి గీత దాటి బాగా లోపల పడినా రెఫరీకి కనిపించలేదు. తెలంగాణ వచ్చిన నెలలోనే బ్రెజిల్ ప్రపంచకప్పులో గోలు గోలుకూ ఏడేసి కెమెరాలు పెట్టారు, ఇక గొడవలుండవన్నారు. 2020లో ఇంగ్లాండులోనే గోల్‌కీపర్ బంతిని పట్టుకుని గీత లోపలికి పడ్డా, ఏడు కెమెరాలకూ మనుషులూ స్తంభమూ అడ్డం వచ్చి, రెఫరీ చేతి గడియారం మోగలేదు. యంత్రానికి తప్పు తెలియదనే భక్తి మిగతా భక్తి లాంటిదే, ప్రశ్నిస్తే కోపం వస్తుంది.

2024లో ఆ భక్తి ఊరికీ వచ్చింది. వెంచర్ వీడియోలు తీసే ఇంజినీరు రిత్విక్ తన డ్రోన్‌తో గీతను చూపిస్తానన్నాడు. "గోల్‌లైన్ టెక్నాలజీ" అని ఫ్లెక్సీ కట్టారు. సైదులును పిలవలేదు. ఆయన వచ్చి జనంలో నిలబడ్డాడు. చేతిసంచీలో గొలుసు ఉంది. ఎందుకు తెచ్చావని అడిగితే, ఇంటికాడ ఒక్కటే ఏం చేస్తదన్నాడు.

మళ్లీ అవే రెండు జట్లు, మళ్లీ చెరొక గోలు, మళ్లీ చివర్లోనే. ఈసారి కొట్టింది ఊరివాళ్లు. పోచంపల్లి గోల్‌కీపర్ బంతి మీద బోర్లా పడ్డాడు. లోపల పడ్డాడని ఊరు, బయటేనని పోచంపల్లి. ఇద్దరూ కలిసి వాణ్ని మాత్రం లేవద్దన్నారు. వాడు బంతిని పొట్ట కింద పెట్టుకుని అలాగే పడుకున్నాడు.

రిత్విక్ వీడియో చూపించాడు. సరిగ్గా పై నుంచి తీస్తే పై బొంగు గీతను పూర్తిగా కప్పేసింది. స్క్రీను మీద ఒక బొంగు, రెండు కాళ్లు. పక్క నుంచి దగ్గరగా చూద్దామని డ్రోన్‌ను కిందికి దించాడు. రెక్కల గాలికి ముగ్గుపిండి లేచింది. జనం కళ్లు నలుపుకుని చూసేసరికి డ్రోన్ ఉంది, గోల్‌కీపర్ ఉన్నాడు, గీత లేదు.

గీత ఎక్కడుండేదో ఊరు ఒక చోట చూపింది, పోచంపల్లి ఇంకో చోట చూపింది. రెండింటికీ మధ్య మూరెడు తేడా. గోల్‌కీపర్ కింద నుంచి దాహమన్నాడు, సీసాతో తాగించారు. బాలకృష్ణ సారు చాలాసేపు ఈల వంక చూసుకుని, తర్వాత సైదులు వంక చూశాడు.

సైదులు ఆ స్తంభాల పక్కన పార తెప్పించి చెరో వైపు తవ్వించాడు. నలభై ఒకటో ప్లాటు రాయి, నలభై రెండో ప్లాటు రాయి బయటపడ్డాయి. సారు మొదట్లో ఆ రాళ్ల తలలు చూసే స్తంభాలు కట్టించాడు, గీతను వాటి మీదుగానే పోశాడు. ఆ రాళ్లను పాతింది తానే. గొలుసు పరిచాడు. జానెడు దూరంలో రెండు సుతిలి తాళ్లు కట్టాడు, ఒకటి గీత ముందు అంచుకు, ఒకటి వెనక అంచుకు. గోల్‌కీపర్‌ను తాళ్ల కింద నుంచి మెల్లగా పక్కకు లాగారు. బంతి మూడొంతులు వెనక తాడు దాటి ఉంది. ఒక వంతు దాటలేదు.

ఊరి జట్టంతా ఆయన చుట్టూ మూగింది. రాకేష్ బతిమాలాడు: "తాతా, పోయినసారి లెక్కనే చెప్పు. సగం గీతనే చెప్పు. గోలైతది."

"అది గట్టు రూలు బిడ్డా. ఆటది ఆటకే ఉంటది. ఏడాదంత సగం ఛాయ్ తాగి నేర్చుకున్న." సారు వైపు తిరిగి చెప్పాడు, "గోలు కాదు."

పెనాల్టీల్లో పోచంపల్లి గెలిచింది. మల్లప్ప రెండో పొట్టేలు కూడా ఆటో ఎక్కింది. రాళ్లు పడతాయేమోనని సారు సైదులును పక్కకు లాగాడు. అప్పుడు జనంలోంచి ప్రమీలమ్మ ముందుకొచ్చింది.

"రెండుసార్లు మనోళ్లనే ముంచిండు గదా," అంది. "పోయినేడు తెల్వక ముంచిండు, గీయేడు తెలిసి ముంచిండు. గింతకంటె ఎవ్వల పక్కకు మొగ్గనోడు ఏడ దొరుకుతడు? మరిదీ, సోమవారం రా. నా గట్టు నువ్వే కొలువాలె."

సోమవారం సైదులు వెళ్లాడు. గొలుసు వేశాడు, మూడుచోట్ల చూశాడు, గట్టు నడుమ పట్టాడు. ప్రమీలమ్మ నాగలి ఏళ్ల తరబడి మల్లప్ప వైపు మూరెడు జరిగిందని తేలింది. రాయిని మూడడుగుల లోతున పాతించి వచ్చాడు. ఆమె రాయిని చూసింది, మరిదిని చూసింది, ఇంటిదారి పట్టింది.

కొలత కూలి పదిహేను వందలు, చెరి సగం. మల్లప్ప తన సగం ఆ రోజే ఇచ్చాడు. ప్రమీలమ్మ సగం, ఏడు వందల యాభై, ఇంకా రావాలి.