రంగూనమ్మగా వెళ్ళిన పేరంటం

ఒక మనిషిని ఇంకొకరి పేరుతో ఇంటికి పిలిచి పీట వేస్తే, ఆ మర్యాద ఎవరికి జరిగినట్టు? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న నాతోనే ఉంది. జవాబు చెప్పాల్సిన మనిషి పోయిన మంగళవారం పొద్దున నరసరావుపేటలో, సొంత ఇంట్లో, జ్వరంతో పోయింది. మా పక్కింటి అత్తయ్య. రక్తసంబంధం లేదు, మధ్యలో గోడ సంబంధమే.

సంతాపసభలో ఆవిడను శాంతమూర్తి అన్నారు. శాంతమా! పుట్టిల్లు వెల్దుర్తి, ఆ మెట్టచేల గరుకంతా నోట్లోనే ఉండేది. ఆ నోటికి జడిసి పాలమనిషి మా వీధి వరకైనా నీళ్ళు కలపడం మానేశాడు. చివరి కొన్నేళ్ళు ఆవిడకూ నాకూ సరిగ్గా మాటలు లేవు. అయినా ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని నన్నే అడిగారు, బి.ఏ. చదివినదాన్ని కదా. అడగడానికి వచ్చిన ప్లీడరుగారి భార్య గుమ్మంలోనే నిలబడి, "అన్నీ రాయమ్మా, ఆ ఒక్క పేరంటం సంగతి మాత్రం వదిలెయ్" అంది. ఆ మాట అనకపోతే వదిలేసేదాన్నేమో.

అత్తయ్యకు కథల పిచ్చి. మద్రాసు నుంచి వారపత్రిక రైల్లో వచ్చిన రోజు మధ్యాహ్నం వీధి ఆడవాళ్ళంతా ఆవిడ వసారాలో చేరేవాళ్ళం. చదివేది నేను, ఆపేది ఆవిడ. "ఆగవే బి.ఏ.! ఆ అత్తగారు ఏందీ అన్నది? మళ్ళీ చదువు. రేపు దానికి వంకాయకూర పెట్టను పో!" ఆ అత్తగారు నిజంగానే భోజనానికి వస్తున్నట్టు. కథలో దుర్మార్గుడికి జైలు పడితే వడపప్పు పంచింది. యుద్ధానికి కాగితం కరువై పత్రిక పలచబడితే, "ఇంత ఇరుకులో ఆ మనుషులు ఎట్టా బతుకుతారే?" అని దిగులుపడింది. నేను పంతులమ్మ గొంతుతో చదివితే ఒప్పుకునేది కాదు. "ఆ మనిషి పక్కన కూర్చుని చదువు, నెత్తిన కూర్చుని కాదు" అనేది. ఈ రోజుకీ బడిలో పాఠం చెప్పబోతూ పుస్తకం తెరిస్తే ఆ మాటే వినిపిస్తుంది. కాలేజీలో నాకు ఇది ఎవరూ నేర్పలేదు.

శ్రావణమాసంలో ఆవిడ పెట్టిన ఆట పాత్రల పేరంటం. ఎవరికి వాళ్ళు ఏదో ఒక కథలోని మనిషిగా రావాలి, ఆ మనిషిలాగే మాట్లాడాలి. తాంబూలం చేతికొచ్చేదాకా సొంత గొంతు ఎత్తకూడదు. ఎత్తితే శనగలు లేవు. ప్లీడరుగారి భార్య ప్రతి ఏడూ మహారాణే. "మహారాణీ, మీ రాజ్యంలో చింతపండు ఎట్టా అమ్ముతున్నారు?" అని అత్తయ్య అడగడం, అందరూ పడీపడీ నవ్వడం నేను గోడ ఇవతల నుంచి వినేదాన్ని.

పదిహేనేళ్ళకే భర్త పోయినదాన్ని నేను. నాన్న పట్టుబట్టి మద్రాసు పంపి చదివించాడు. వారంవారం కథకు నా గొంతు కావాలి, పేరంటానికి నా మొహం పనికిరాదు. "రేపు రాకే" అని అత్తయ్యే ముందురోజు చెప్పేది, నా వైపు చూడకుండా.

బర్మా నుంచి జనం నడిచి వస్తున్న రోజుల్లో ఒక సీరియల్ మొదలైంది. రంగూన్ వెళ్ళిన భర్త ఏమయ్యాడో తెలియదు. అత్తింటివాళ్ళు పోయాడంటారు. భార్య బొట్టు తియ్యనంటుంది. మా వసారాలో ఆమెకు రంగూనమ్మ అని పేరు పడింది. ఆ శ్రావణంలో అత్తయ్య కుంకుమభరిణె పట్టుకుని మా గడప ముందుకొచ్చింది. నేను బడికి బయల్దేరుతున్నాను.

"రంగూనమ్మగారూ, శుక్రవారం మా ఇంటికి పేరంటానికి రండి" అంటూ నా నుదుట బొట్టు పెట్టేసింది.

"అత్తయ్యా, ఏమిటిది!"

"నీకు కాదే. ఆవిడకి."

ఎందుకు వెళ్ళానో చెప్పలేను. వెళ్ళాను. వసారాలో అందరి మధ్యా నాకు పీట వేసింది. అత్తయ్య నా కాళ్ళకు పసుపు రాస్తూ, "రంగూన్ నుంచి కబురేమన్నా తెలిసిందా అమ్మా?" అంది.

"లేదండీ. తెలిసేదాకా చూస్తాను."

ప్లీడరుగారి భార్య విసురుగా లేచింది. "ఆటకైనా హద్దుండాలి వదినా! ముత్తయిదువల మధ్య ఇదేంది?"

"మహారాణీ, సొంత గొంతుతో మాట్లాడారు. మీకు శనగలు లేవు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వెళ్ళిపోయింది, వెనకే ఇంకొందరు. మిగిలినవాళ్ళు నా వైపు చూడలేదు. అత్తయ్య ఒక్కతే ఆట వదలకుండా నన్ను ఓడల గురించీ, తుఫానుల గురించీ అడిగింది. చివరికి తాంబూలం చేతిలో పెట్టింది. ఆట అయిపోయింది, నేను మళ్ళీ నేనయ్యాను. అప్పుడు తన కొంగుతో నా నుదుటి బొట్టు తుడిచేసింది. "వీధిలోకి ఇట్టా పోతే చానా మాటలంటారే" అంది. ఆ క్షణాన ఆవిడ మొహంలో ఉన్నది భయమా, జాలా, ఆట ముగిసిన తృప్తా? తలుచుకున్నప్పుడల్లా ఒక్కో తీరుగా కనిపిస్తుంది. పదిహేనేళ్ళప్పుడు నా బొట్టు ఎవరు తుడిచారో గుర్తులేదు. ఇది గుర్తుంది.

మాటలు ఎటూ తప్పలేదు. వీధిలో నేను రంగూనమ్మనైపోయాను, బడిలో పిల్లలక్కూడా. అత్తయ్య దగ్గరికే వెళ్ళి అడిగాను.

"నా పేరుతో పిలిచే ధైర్యం లేనప్పుడు అసలెందుకు పిలిచారు?"

"నీ పేరుతో పిలిస్తే గడప ఎవరు తొక్కుతారే? మీ మామయ్య ఊరుకుంటాడా?"

"అయితే మీరు పిలిచింది నన్ను కాదు."

"కాదు. శనగలు తిన్నది మాత్రం నువ్వే."

ఆ రోజు నుంచి వసారాకు వెళ్ళలేదు. అత్తయ్యే కూడబలుక్కుంటూ చదువుకునేది, గొంతు చించుకుని. పక్కన కూర్చున్నవాళ్ళ కోసమైతే అంత గొంతు అక్కర్లేదు. గోడ ఇవతల నేను ప్రతి వారం విన్నాను. విన్నానని ఆవిడకు తెలుసో లేదో.

మంగళవారం, మామయ్య ఉండగా పుణ్యస్త్రీగా పోయిందని, ముత్తయిదువలంతా చేరి ఆవిడకు పసుపు రాశారు, పూలు పెట్టారు. నేను మా అరుగు మీదే నిలబడ్డాను. ప్లీడరుగారి భార్య ఆ నుదుట రూపాయంత బొట్టు పెట్టింది. మా గుమ్మం ముందు మోసేవాళ్ళు భుజం మార్చుకుంటుంటే పాడె కదిలి, ఆ కుంకుమ రాలి ముక్కు మీద పడింది. తుడవడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. ఆ శుక్రవారం ఆవిడ నాకు పీట వేసిందో, నన్ను పెట్టి ఆట ఆడిందో, నేనింకా తేల్చుకోలేదు.